పదహారు అణాల బొమ్మ

ప్రశ్న: నేను పారా లీగల్ వాలంటీరును. న్యాయ విజ్ఞాన సదస్సుల కోసం టెక్కలి చుట్టుపక్కల ఊళ్లకు వెళ్తుంటాను. ఆడపిల్లల ఆస్తి హక్కు గురించి చెబుతుంటే అందరూ తల ఊపుతారు. మర్నాడు అడిగితే ఎవరికీ ఏమీ గుర్తుండదు. బొమ్మలు గీసి చెప్పమని ఒకరు సలహా ఇచ్చారు. నాకు తిన్నగా గీత గీయడం కూడా రాదు. పైగా, గీసిన కాగితం వాళ్లకు ఇస్తే అది కోర్టులో పనికొస్తుందా? — ఒక పాఠకురాలు, టెక్కలి

జవాబు: బొమ్మలు రాకపోవడం మీకు కలిసొచ్చే సంగతే. శ్రీకాకుళంలో ముప్పయ్యేళ్లుగా వకాల్తాలు వేస్తున్నాను. నేను గీసిన ఆవును చూసి మా మనవరాలు మంచం అనుకుంది. అయినా నా బల్ల మీద పాత క్యాలెండరు కాగితాలు, రెండు పెన్సిళ్లు ఎప్పుడూ ఉంటాయి. రంగుల్లో అచ్చువేసిన పోస్టరును ఎవరూ దిద్దరు. వంకర గీత కనబడితే మాత్రం "అలా కాదు బాబూ" అంటూ చెయ్యి చాపుతారు. ఆ చెయ్యి కోసమే ఈ అవస్థంతా.

పలాస వైపు కుటుంబం ఒకటి కేసు దాకా వెళ్లకుండా రాజీ పడదామని నా దగ్గరకు వచ్చింది. తల్లి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. తండ్రి వీలునామా రాయకుండా నాలుగేళ్ల కిందట పోయారు. హిందూ వారసత్వ చట్టం, ఆరో సెక్షన్ అని మొదలుపెట్టానో లేదో, పెద్ద కొడుకు చూపు కిటికీ దాటిపోయింది. కాగితం వెనక్కి తిప్పి ఐదు బొమ్మలు గీశాను: గుండ్రటి తల, కింద నిలువు గీత, ఆడవాళ్లకు కొప్పు. తండ్రి పోయారు కదా అని ఆయన బొమ్మ మీద ఇంటూ గుర్తు పెట్టాను. ఆ తల్లి ముఖం పక్కకు తిప్పుకున్నారు. అప్పటి నుంచి పోయినవారి బొమ్మకు దండ వేస్తున్నాను. మీరూ అలాగే చేయండి.

తర్వాత పెద్ద సున్నా చుట్టి, ఇది రూపాయి, పదహారు అణాలు అన్నాను. ముత్తాతల నాటి ఉమ్మడి ఆస్తిలో తండ్రికి, ఇద్దరు కొడుకులకు, కూతురికి తలా నాలుగు అణాలు. తండ్రి నాలుగు అణాలు మళ్లీ భార్యకు, ముగ్గురు పిల్లలకు తలా ఒకటి. అంటే పిల్లలకు ఐదేసి అణాలు, తల్లికి ఒక్క అణా. ఇదే లెక్క భిన్నాల్లో చెబితే నాకే తడబాటు. వాళ్లు వేళ్లు మడిచి లెక్క చూసుకుని సరే అన్నారు. చెల్లెలికి 1990లోనే పెళ్లయింది కదా అని చిన్న కొడుకు అడిగాడు. కూతురికీ కొడుకుతో సమానంగా వాటా ఇస్తూ 2005 సెప్టెంబర్ 9 నుంచి అమలైన చట్ట సవరణకు పెళ్లితో పనిలేదు. ఆ రోజుకు తండ్రి బతికి ఉండాలన్న షరతు కూడా లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తేల్చింది. 2004 డిసెంబర్ 20కి ముందే చట్టప్రకారం పంపకాలు జరిగిపోయి ఉంటే వాటిని తిరగదోడరు. వీళ్ల ఇంట్లో అలాంటిది లేదు.

పొలం, ఇల్లు, జీడితోట మూడింటినీ నేను ఆ సున్నాలోనే పెట్టాను. అంతవరకు పెదవి విప్పని తల్లి రెండో పెన్సిలు అందుకుని, జీడితోట మీద గీత కొట్టి, కాగితం మూలన విడిగా ఇంకో సున్నా చుట్టారు. "తోట మా మామగారిది కాదు బాబూ. మా ఆయన ఖరగ్‌పూర్ రైల్వేలో పనిచేసి, ఆ జీతం డబ్బుతో కొన్నారు." అంతకుముందు రెండుసార్లు వచ్చినా ఆమెను నేను ఒక్క మాట అడగలేదు, తప్పు నాదే. తోట స్వార్జితమైతే అందులో నలుగురికీ తలా నాలుగు అణాలు. తల్లి ఒక్క అణా దగ్గరే ఆగదన్నమాట. పెద్ద కొడుకు కాగితాన్ని తన వైపు తిప్పుకుని చాలాసేపు చూశాడు.

మీ బొమ్మల్లో తరాజు, సుత్తి పెట్టకండి. మన జడ్జీలు సుత్తి కొట్టరు, అది సినిమాల్లోనే. గట్టు, కల్లం, తాటిచెట్టు చాలు.

ఇక కోర్టు సంగతి. చిత్తు బొమ్మ ఆస్తికి రుజువు కాదు. ఆ తల్లి చుట్టిన సున్నా మాకు ఎక్కడ వెతకాలో చెప్పింది, అంతే. రుజువు కోసం సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో తోట క్రయ దస్తావేజు నకలుకు దరఖాస్తు పెట్టాం. సరిహద్దు తగాదా అయితే సర్వేయరు కొలవాలి, ఎఫ్.ఎం.బి. (సర్వే వాళ్ల పొలం కొలతల పుస్తకం) నకలు తీయాలి. కాగితం వాళ్లకు ఇవ్వండి, కానీ దాని మీద తేదీ వేసి "కొలతలు లేని చిత్తు బొమ్మ" అని పెద్ద అక్షరాలతో రాయండి. రాయకపోతే ఎవరో ఒకరు దానికి లామినేషన్ చేయించి, తాతల నాటి నక్ష అంటూ తహసీల్దారు ముందు పెడతారు. నా గీతలకు ఒకసారి ఆ గౌరవం దక్కింది.