మూర్ఛ పోయాడా, మూర్ఛ వచ్చిందా?

సందేహం: మాస్టారూ, నేను నర్సింగ్ చదువుతున్నాను. జ్వరంతో ఫిట్స్ వచ్చిన రెండేళ్ళ బాబు గురించి నోట్స్‌లో "బాబు మూర్ఛపోయాడు" అని రాస్తే మా మేడం కొట్టేసి "మూర్ఛ వచ్చింది" అని రాయమన్నారు. అంత తేడా ఉందా? అసలు ఫిట్స్ అని రాస్తే తప్పా?

సమాధానం: మీ మేడం కొట్టేయడం సబబే అమ్మా. "మూర్ఛపోయాడు" అంటే మనకి వినపడేది స్పృహ తప్పి పడిపోయాడనే, లక్ష్మణ మూర్ఛ అంటామే అదీ, అందులో కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం ఎక్కడుంది? "మూర్ఛ వచ్చింది" అన్నామంటే ఫిట్స్. మీ నోట్స్ చదివిన డాక్టర్‌కి బాబు కళ్ళు తిరిగి పడ్డాడేమో అనిపిస్తే కారణం వెతకడం ఇంకో దారి పడుతుంది, గుండె సంగతేంటో చూద్దాం అనుకుంటారు. అయితే పాత రాతల్లో ఈ రెండూ కలిసిపోయి కూడా కనిపిస్తాయి కాబట్టి మూర్ఛపోవడం అన్నిచోట్లా తప్పని మాత్రం నేననను.

ఇక ఆ మాట సంగతి చెప్పకుండా ఉండలేను. సంస్కృత క్రియల మూలాలన్నీ పట్టికగా ఇచ్చే ధాతుపాఠంలో "ముర్ఛా మోహసముచ్ఛ్రాయయోః" అని ఉంది, అంటే మైకం కమ్మడం, పైకి పెరగడం అని రెండర్థాలు, వాడుకలో దీనికే గట్టిపడటం, గడ్డకట్టడం అన్న అర్థం కూడా ఉంది. మూర్తి అన్న మాట పుట్టింది ఈ ధాతువు నుంచే, ఆకారం కట్టి గట్టిపడింది మూర్తి. సంగీతంలో స్వరాలు వరసగా ఎక్కి దిగే మూర్ఛన అన్న మాటా ఈ ధాతువుదే. పాదరసంతో మందులు చేసే రసశాస్త్రంలో అటూ ఇటూ పరిగెత్తే పాదరసాన్ని గంధకంతో నూరి కదలకుండా చేస్తే దాన్నీ మూర్ఛన అన్నారు, ఎంత బావుందో చూడండి! ఇప్పుడు మీ వార్డుకి రండి. కొంతమంది పిల్లలకి కొట్టుకోవడం ఏమీ ఉండదు, మాట్లాడుతూ మాట్లాడుతూ కొన్ని సెకన్లు చూపు నిలిచిపోతుంది, మళ్ళీ ఏమీ జరగనట్టే ఉంటారు, బడిలో పరధ్యానం అని తిట్లు తింటారు పాపం. అదీ మూర్ఛే, ఆ కాసేపూ బిడ్డ గడ్డకట్టినట్టే ఉంటుంది కదా. ఫిట్స్ అంటే కొట్టుకోవడమే అనుకునేవాళ్ళకి ఇది తట్టదు.

ఇంకోటి. మూర్ఛ జబ్బుని డాక్టర్లు ఎపిలెప్సీ అంటారే, ఆ గ్రీకు మాటకి అర్థం పట్టుకోవడం, ఫిట్స్‌ని ఇంగ్లీషులో అనే సీజర్ కూడా అదే, ఆయుర్వేద గ్రంథం సుశ్రుత సంహితలో పిల్లల్ని పట్టి పీడిస్తాయని తొమ్మిది బాలగ్రహాలు చెప్పారు, గ్రహం అంటే పట్టుకునేదే. ఎక్కడ చూసినా బయటినుంచి ఏదో వచ్చి బిడ్డని పట్టుకున్నట్టే. మూర్ఛ అన్న మాటలో అలా పట్టుకునేవాడు ఎవడూ లేడు, జరిగేదంతా లోపలే, నిజానికి మెదడులో విద్యుత్తు అదుపు తప్పడమే కదా ఇది. అందుకే నాకీ మాట మీద ఇంత ఇష్టం. ఈ జబ్బుకి ఆయుర్వేదంలో అపస్మారం అన్న పేరూ ఉంది, అంటే జ్ఞాపకం తొలగిపోవడం, కానీ అది గ్రంథాల మాటే.

ఫిట్స్ తప్పు కాదు, తల్లికి అర్థమయ్యేది అదే, ఆవిడతో మాట్లాడేటప్పుడు అదే వాడండి. నాకు చిరాకు తెప్పించేది "మూర్ఛకు గురయ్యాడు", వార్తల్లో ప్రతిదానికీ గురవ్వడమే, హాయిగా వచ్చింది అనరాదా? "మూర్ఛరోగి" అని బిడ్డకి పేరు తగిలించడం ఇంకా చేదు, 6 నెలల నుంచి 5 ఏళ్ళ లోపు జ్వరంతో ఫిట్స్ వచ్చిన పిల్లల్లో ఎక్కువమందికి ఆ తర్వాత మూర్ఛ జబ్బే ఉండదు.

నోట్స్‌లో మాత్రం ఒక్క మాటతో సరిపెట్టకండమ్మా. పక్కకి తిప్పి పడుకోబెట్టడం, నోట్లో ఏమీ పెట్టకపోవడం, గట్టిగా అదిమిపట్టకపోవడం మీకు తెలిసినవే, వాటితో పాటు గడియారం చూసి ఎన్ని నిమిషాలో రాయండి, 5 దాటితే అది ఎమర్జెన్సీ. ఏ చెయ్యి ముందు బిగుసుకుంది, కళ్ళు ఎటు తిరిగాయి, పెదాలు నీలమయ్యాయా, తర్వాత ఎంతసేపు మత్తుగా ఉన్నాడు, ఇవన్నీ మామూలు తెలుగులో రాస్తే చాలు. అన్నట్టు మూర్చ అని రాయొద్దు, కింద ఒత్తు ఛ.