కాలిఫోర్నియా యూనివర్సిటీలో ప్రొఫెసర్ల సెనేట్ మాట ఎంతవరకు చెల్లుతుంది?

కోర్సులు, డిగ్రీ నిబంధనల విషయంలో బాగానే చెల్లుతుంది. 1919-20లో బర్కిలీ క్యాంపస్ ప్రొఫెసర్లు తిరగబడితే, యూనివర్సిటీని నడిపే రీజెంట్ల బోర్డు దిగొచ్చి ఆ అధికారం రాసిచ్చింది. కొత్త కోర్సు పెట్టాలంటే ఇప్పటికీ సెనేట్ కమిటీ ఒప్పుకోవాల్సిందే. బడ్జెట్, ప్రెసిడెంట్ నియామకం మాత్రం బోర్డు చేతిలోనే ఉంటాయి. బోర్డు మీటింగుల్లో సెనేట్ ఛైర్, వైస్ ఛైర్ కూర్చుంటారు, మాట్లాడతారు, కానీ ఓటు ఉండదు.

అసలు సంగతి 2020లో బయటపడింది. అడ్మిషన్లకు శాట్ (అమెరికాలో కాలేజీ ప్రవేశాలకు రాసే పరీక్ష) మార్కులు ఇప్పుడే ఎత్తేయొద్దని సెనేట్ టాస్క్‌ఫోర్స్ లెక్కలన్నీ తిరగేసి రిపోర్టు ఇచ్చింది. సెనేట్ కూడా దాన్నే బలపరిచింది. మే నెలలో రీజెంట్లు దాన్ని పక్కనపెట్టి, దశలవారీగా ఎత్తేయాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. అడ్మిషన్ అర్హతలు చూడాల్సింది సెనేటే అయినా, వాటికి తుది ఆమోదం బోర్డుది. నా దృష్టిలో కీలకమంతా అక్కడే ఉంది.