హారంలో రెండు వర్గమూలాలుంటే ఎలా తీసేయాలి?

ప్రశ్న 4/(√18 − √10) ను సూక్ష్మీకరించమని. చాలామంది లవహారాలను మళ్లీ (√18 − √10) తోనే గుణించి ఇరుక్కుపోతారు. అలా చేస్తే హారం 28 − 12√5 అవుతుంది, అంటే మూలం ఇంకా అక్కడే ఉంది.

గుర్తు మార్చాలి. √18 + √10 తో గుణించండి. (అ − ఆ)(అ + ఆ) = అ² − ఆ² కాబట్టి మధ్య పదాలు కొట్టుకుపోయి హారంలో 18 − 10 = 8 మాత్రమే మిగులుతుంది. ఈ గుణించే సంఖ్యనే అకరణీయ గుణకం అంటారు. పైనా కిందా ఒకే సంఖ్యతో గుణిస్తున్నాం, అంటే 1తో గుణించినట్టే, విలువ మారదు.

ఇప్పుడు 4(√18 + √10)/8, అంటే (√18 + √10)/2. ఇక్కడ ఆగిపోవద్దు. 18 = 9 × 2 కాబట్టి √18 = 3√2. 10లో 1 తప్ప వర్గసంఖ్య కారణాంకం లేదు, దాన్ని అలాగే వదిలేయండి. జవాబు (3√2 + √10)/2.

దయచేసి √18 + √10 ను √28 అని మాత్రం రాయకండి. గుణకారంలో మూలాలు కలుస్తాయి, కూడికలో కలవవు. √9 + √16 = 7, కానీ √25 = 5.

అనుమానముంటే దశాంశాల్లో సరిచూసుకోండి: మొదటి భిన్నమూ, చివరి జవాబూ రెండూ సుమారు 3.702 వస్తాయి.