పదేళ్లు మాగిన పొగాకైతే సిగార్ హాని తగ్గుతుందా?

ప్రశ్న: నా వయసు 46. సిగరెట్లు మానేసి రెండేళ్లయింది. అమెరికా నుంచి మా బావమరిది తెచ్చే ఖరీదైన సిగార్లు వారానికి రెండు మూడు కాలుస్తాను. పొగ లోపలికి పీల్చను. పదేళ్లు మాగబెట్టిన పొగాకు కాబట్టి అమ్మోనియా, విషపదార్థాలు పోతాయని ఆ కంపెనీ ప్రచారం. ఈమధ్య కారం తింటే బుగ్గ లోపల మండుతోంది. భయపడాలా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ముందు ఆ మంట సంగతి చూడాలి. ఈ వారంలోనే దంతవైద్యుడికో ఈఎన్‌టీ వైద్యుడికో నోరు చూపించండి. తెల్లని లేదా ఎర్రని మచ్చ, రెండు వారాలైనా మానని పుండు, నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం వంటివి ఉంటే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపవలసి రావచ్చు. కారణం మామూలుదే కావచ్చు. కానీ ఇన్నేళ్లు పొగ తగిలిన నోటిని చూడకుండా ఆ మాట ఎవరూ చెప్పలేరు.

ఇక కంపెనీ ప్రచారం. ఆకును కుప్పలు వేసి పులియబెడితే అమ్మోనియా పోతుంది, ఘాటు తగ్గుతుంది, నికోటిన్ కూడా కొంత తగ్గుతుంది. అంతవరకు నిజమే. అయితే మారేది రుచి. క్యాన్సర్ కలిగిస్తాయని నిర్ధారణ అయిన ఎన్‌ఎన్‌ఎన్, ఎన్‌ఎన్‌కే అనే నైట్రోసమైన్లు ఆకును ఆరబెట్టే, పులియబెట్టే దశల్లోనే తయారవుతాయి. తారు, కార్బన్ మోనాక్సైడ్ ఆకు కాలినప్పుడు పుడతాయి. ఆకు నిన్నటిదైనా పదేళ్లనాటిదైనా వాటిని తప్పించలేం. పైగా ఘాటు తగ్గిన పొగను మనిషి ఎక్కువసేపు నోట్లో ఉంచుకుంటాడు. నాకు ఆందోళన కలిగించేది ఇదే.

ఆ పదేళ్ల లెక్కనూ నమ్మలేం. స్కాచ్ విస్కీ సీసా మీద వయసు వేస్తే, అందులో కలిసినవాటిలో అన్నిటికంటే తక్కువ వయసున్న దానిదే వేయాలని అక్కడి చట్టం. సిగార్‌కు అటువంటి కట్టుబాటు లేదు. లోపలి ఆకులు, వాటిని పట్టి ఉంచే ఆకు, పైన చుట్టే ఆకు కలిస్తేనే సిగార్. వాటిలో ఒక్కటి పాతదైనా పెట్టె మీద గొప్పగా రాసుకోవచ్చు.

పీల్చడం లేదన్న ధైర్యం కూడా వద్దు. సిగార్ పొగకు క్షారగుణం ఎక్కువ. అందుకే నికోటిన్ నోటి పొరల నుంచే రక్తంలో కలుస్తుంది. ఒక పెద్ద సిగార్‌లో ఒక సిగరెట్ పెట్టెకు సరిపడా పొగాకు ఉండవచ్చు. పైగా సిగరెట్ అలవాటున్నవారు తెలియకుండానే పొగను లోపలికి లాగుతుంటారు. పీల్చకపోయినా నోటి, గొంతు క్యాన్సర్లు రావచ్చన్న హెచ్చరికను పెట్టెల మీద ముద్రించడానికి అమెరికాలోని పెద్ద సిగార్ కంపెనీలే 2000లో అక్కడి ప్రభుత్వ సంస్థతో ఒప్పందానికి వచ్చాయి. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల్లో అడ్డపొగ తాగే, అంటే చుట్టను నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చే స్త్రీలకు అంగిలి క్యాన్సర్ రావడం మన వైద్యులకు ఏనాటి నుంచో తెలుసు. పొగ, వేడి నేరుగా తగిలే చోటే దెబ్బ పడుతుంది.

సిగరెట్ మానగలిగిన మీరు దీన్నీ మానగలరు. బావమరిదికి ఈ సంగతి చెప్పి, ఇకపై తేవద్దనండి. కోరిక బలంగా ఉంటే 1800-11-2356 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. నోరు మండుతోంది కనుక నికోటిన్ గమ్ సొంతంగా కొని వాడకండి. ప్యాచ్ సరిపోతుందేమో వైద్యుడిని అడగండి. సిగార్ ఆపగానే మంట తగ్గినా నోటి పరీక్ష మాత్రం వాయిదా వేయవద్దు.