జిమ్ షూ కొనే ముందు ఇది చదువు అమ్మలూ

అమ్మలూ,

నువ్వు పంపిన ఆరు షూ ఫొటోలూ చూశాను. అన్నీ అందంగానే ఉన్నాయి. "ఏది కొనమంటావు పెద్దమ్మా?" అని అడిగావు గానీ జిమ్‌లో ఏం చేయబోతున్నావో ఒక్క ముక్క రాయలేదు. ఎక్కడికి వెళ్లాలో చెప్పకుండా ఏ బస్సెక్కాలని అడిగినట్టుంది. సరే, నా అనుభవంలో తెలిసింది రాస్తాను, నీకు పనికొచ్చేది తీసుకో.

ముందు నా తెలివితక్కువ పని చెప్తాను. జిమ్‌లో చేరిన కొత్తలో, షాపులో ఉన్నవాటిలోకెల్లా మెత్తటి రన్నింగ్ షూ ఏరి మరీ కొన్నాను. ఖరీదు కూడా దానిదే ఎక్కువ. దూది మీద నడిచినట్టుండేది. నెల తిరక్కుండానే ట్రైనర్ భుజాల మీద బార్ పెట్టి స్క్వాట్ చేయమన్నాడు. సగం కిందికి దిగేసరికి మడమ కింద ఫోమ్ ఒక పక్కకి కుంగింది, మోకాలు లోపలికి వాలింది, కాలు విరిగిన కుర్చీలా కూలబడ్డాను. రెండు పక్కలా అడ్డు రాడ్లు ఉన్నాయి కాబట్టి బార్ వాటి మీద ఆగింది. ఆయన ఏమీ అనకుండా నా షూ విప్పించి, ఉత్త సాక్స్‌తో మళ్లీ చేయించాడు. అదే బరువు, నిటారుగా లేచాను. నా డబ్బు ఎటు పోయిందో అప్పుడర్థమైంది.

రన్నింగ్ షూ తప్పేం లేదు. పరిగెత్తేటప్పుడు పడే దెబ్బని మింగడం దాని పని. చాలావాటిలో ముందు భాగం కంటే మడమ 8 నుంచి 12 మిల్లీమీటర్లు ఎత్తుగా ఉంటుంది. ట్రెడ్‌మిల్ మీదే ఎక్కువసేపు గడిపేదానివైతే కళ్లు మూసుకుని అదే కొను. బరువులు ఎత్తాలంటే మాత్రం షూ అడుగుభాగం చదునుగా, గట్టిగా ఉండాలి. చాలామంది ఇప్పటికీ కన్వర్స్ లాంటి పాతకాలపు కాన్వాస్ షూతోనే బరువులెత్తుతారు. ఆ రకంవి చాలావరకు చవక కూడా. జుంబా, ఏరోబిక్స్ అంటే పక్కలకి గెంతడం, గిర్రున తిరగడం. ఎత్తు సోల్‌తో అవి చేస్తే చీలమండ మడతపడుతుంది. అన్నీ కొంచెం కొంచెం చేస్తానంటావా, ట్రైనింగ్ షూ అని విడిగా దొరుకుతాయి, అవి చూడు. మడమ గట్టిగా, ఎత్తుగా ఉండే వెయిట్‌లిఫ్టింగ్ షూ ఇప్పుడే వద్దు, ఎవరెంత ఊరించినా సరే.

ఇక సైజు. ఇక్కడే అందరం బోల్తా పడతాం. సాయంత్రం పూట కొలుచుకో, పొద్దుటికంటే అప్పటికి పాదం కాస్త ఉబ్బుతుంది. కాగితం మీద నిలబడి రెండు పాదాల చుట్టూ పెన్సిల్‌తో గీయించుకో. నిలబడే సుమా, కూర్చుని కాదు. మడమ నుంచి అన్నిటికంటే పొడుగు వేలి దాకా సెంటీమీటర్లలో కొలువు. కొందరికి బొటనవేలి కంటే రెండో వేలే పొడుగు, నీకూ అంతేననుకుంటా. రెండు పాదాలూ ఒక్కలా ఉండవు, పెద్దదాన్నే లెక్కలోకి తీసుకో. ఒక కంపెనీ 6 ఇంకో కంపెనీ 6తో సరిపోదు కాబట్టి, షూ నాలుక లోపలి లేబుల్ మీద CM (సెంటీమీటర్లు) అని ఉన్న అంకె కూడా చూడు.

షాపులో అందరూ మర్చిపోయేది ఒకటుంది. షూ లోపలి ఇన్‌సోల్ బయటికి లాగి నేల మీద పెట్టి, దాని మీద నిలబడు. చిటికెన వేలు అంచు దాటి బయటికొస్తోందా, ఆ జత నీది కాదు, పక్కన పెట్టేయ్. నీ పాదం వెడల్పైతే మగవాళ్ల షూ అడగడానికి మొహమాటపడకు, సాధారణంగా అవి వెడల్పుగా ఉంటాయి. నేను పదేళ్లుగా అవే వేస్తున్నాను.

జిమ్‌కి వేసుకునే సాక్స్‌తోనే వేసి చూడు. వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. నాకు ఒకసారి ఆ ఖాళీ లేక, ట్రెడ్‌మిల్ మీద నెల రోజులు నడిచేసరికి గోరు నల్లబడి ఊడింది. షాపులోనే గొంతుకూర్చో, మునివేళ్ల మీద లే, నాలుగడుగులు వేగంగా వెయ్. సిగ్గుపడితే నష్టం నీకే. "నాలుగు రోజులు వేస్తే సాగుతుందమ్మా" అని ఎవరైనా అంటే, అది తోలు చెప్పుల సంగతి. ఇలాంటి షూ మొదటి నిమిషం నుంచే హాయిగా ఉండాలి.

డబ్బు మిగలాలంటే పోయిన మోడల్ కొను. నైకీ పెగాసస్ 1983లో మొదలైంది, 2023కి 40వ నంబరు వచ్చింది. కొత్త నంబరు రాగానే పాతదాని ధర దిగుతుంది, కాలికి తేడా పెద్దగా తెలియదు. కానీ మరీ పాత సరుకు వద్దు. చాలావాటి లేబుల్ మీద తయారైన తేదీ ఉంటుంది, చూసుకో. నేను ఒక జత "మంచిది, తర్వాత వేసుకుందాం" అని ఏళ్ల తరబడి బీరువాలో దాచాను. తీసి వేసుకున్న రోజు పది అడుగులకే సోల్ అటుకుల్లా రాలిపోయింది. పాలీయురేథేన్ అనే ఒక రకం ప్లాస్టిక్‌తో చేసిన సోల్‌కి గాలిలో తేమే శత్రువట, వాడకపోయినా పాడవుతుంది.

మడమ కొంచెం జారుతోందని మంచి జత వదిలేయకు. చీలమండ దగ్గర పైన ఒక రంధ్రం ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది చూశావా? లేసుని అడ్డంగా పోనివ్వకుండా అదే పక్కనున్న ఆ రంధ్రంలోకి దూర్చి, చిన్న ఉచ్చులా వదులుగా ఉంచు. రెండో పక్కా అంతే. ఇప్పుడు ఒక్కో లేసునీ అవతలి ఉచ్చులోంచి తీసి, కిందికి లాగి ముడెయ్. మడమ అతుక్కున్నట్టు కూర్చుంటుంది.

వాషింగ్ మెషిన్‌లో వేయకు, ఎండలో మాడ్చకు. తడిస్తే లోపల కాగితాలు కుక్కి నీడలో పెట్టు.

నీ ఫొటోల్లో నాలుగు రన్నింగ్ షూలే, ఒకటి ఉత్త ఫ్యాషన్. ఆ బూడిదరంగు చదునుది ఒక్కటే నాకు నచ్చింది. ఇన్‌సోల్ మీద నిలబడి ఫొటో తీసి పంపు, అప్పుడు కొందువుగాని. ట్యాగ్ కత్తిరించకుండా రెండు రోజులు ఇంట్లోనే వేసుకుని తిరుగు.

ఉంటాను,
పెద్దమ్మ