ఇంటి ముచ్చట్లు: గుమ్మడికాయ ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: అమ్మా, మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటోంది. కాన్పుకని వెళ్లి ఆరు నెలలు ఉండి వచ్చాను. వాళ్ల హాల్లో గోడకి చలిమంట గూడు, దాని పైన పొడుగాటి చెక్క పలక ఉన్నాయి. ఆ పలకని మాంటెల్ అంటారట. అక్టోబరులో అమ్మాయి దాని మీద గుమ్మడికాయలు, ఎర్రటి ఆకులు పెట్టింది. డిసెంబరు రాగానే అవి తీసేసి పచ్చటి కొమ్మలు, చిన్న లైట్లు పెట్టింది. నాకు చాలా నచ్చింది. మా ఇంట్లో మామగారి నాటి టేకు సైడ్‌బోర్డు ఉంది. దాని మీద అలాగే చేద్దామని ఆన్‌లైన్‌లో ఎర్రాకుల దండ, ప్లాస్టిక్ గుమ్మడికాయలు తెప్పించాను. రెండు వేల దాకా అయింది. పెట్టి చూస్తే నాటకం సెట్టింగులా ఉంది. ఎక్కడ పొరపాటు చేశాను?
— ఒక పాఠకురాలు, చీపురుపల్లి

జవాబు: పొరపాటేమీ లేదమ్మా. అక్కడ ఆ ఆకులు అంత ముద్దుగా ఉన్నాయంటే, తలుపు తెరిస్తే వీధిలో చెట్లన్నీ అదే రంగులో ఉన్నాయి కాబట్టి. చలిదేశాల్లో చెట్టు ఆకు రాల్చే ముందు ఎర్రబడుతుంది. గుమ్మడి కోతకొచ్చేదీ అప్పుడే. మీ అమ్మాయి బయట ఉన్నదాన్నే చేతులారా లోపలికి తెచ్చుకుంది. మరి అక్టోబరులో చీపురుపల్లిలో బయట ఏముంటుంది? రోడ్డుకి రెండు పక్కలా వరి పొట్ట మీద ఉంటుంది. బజారులో బంతిపూలు గుట్టలు పోసి ఉంటాయి. మన గుమ్మడికాయ సంక్రాంతికి వస్తుంది. అంటే మీకు నచ్చిన కాయనే మీరూ పెట్టుకోవచ్చు, కాకపోతే మూడు నెలలు ఆగాలి. కొన్న దండ పారేయకండి, మనవలు వచ్చినప్పుడు ఆడుకుంటారు.

మాదీ టేకు బల్లే. ఐదడుగుల పొడవు, మూడు సొరుగులు. కాపురానికి వచ్చిన కొత్తలో ఫోటోలు, గాజు బొమ్మలు, పెళ్లిలో వచ్చిన గడియారాలు, అన్నీ దాని మీదే సర్దాను. మా అత్తగారు రెండు రోజులు చూసి, "ఏటమ్మా, బల్లకి కాస్త ఊపిరాడనీ" అన్నారు. ఆ సాయంత్రమే సగం తీసేశాను. అప్పటినుంచీ మా ఇంట్లో ఒకటే పద్ధతి. ఎడమ చివర బుడితి ఇత్తడి బిందె ఉంటుంది, అది ఏడాదంతా కదలదు. కుడి చివర జానెడు మేర ఖాళీగా వదిలేస్తాం. మధ్యలో ఉన్నదే కాలాన్ని బట్టి మారుతుంది. బుడితి అంటే శ్రీకాకుళం జిల్లా సారవకోట మండలంలోది, కంచు, ఇత్తడి పనికి పేరున్న ఊరు. మీ దగ్గర బుడితిది లేకపోతే ఇంట్లో ఉన్న ఏ పాత బిందైనా, కాగైనా సరిపోతుంది. ఎత్తుగా, బరువుగా, ఇంట్లో అందరికీ తెలిసిన వస్తువై ఉండాలి. పక్కన ఏది మారినా చూపు ముందు దాని మీద ఆగాలి.

ఇక మీరు అడిగిన గుమ్మడికాయ సంగతి. భోగికి వారం ముందే తెచ్చుకోండి. తొడిమ గట్టిగా ఉన్న కాయ చూడండి, తొడిమ ఊడిన చోటు నుంచే కుళ్లు మొదలవుతుంది. గోటితో నొక్కితే దిగకూడదు. తడిగుడ్డతో మట్టి తుడిచి, ఒక పూట ఆరనిచ్చి, గడ్డితోనో గోగునారతోనో చుట్టిన చుట్టకుదురు మీద కూర్చోబెట్టండి. చెక్క మీద నేరుగా పెడితే అడుగున చెమ్మ చేరి టేకు మీద గుండ్రటి మచ్చ పడుతుంది, అది ఒక పట్టాన పోదు. ఇలా పెట్టిన కాయ శివరాత్రి దాకా నిక్షేపంగా ఉంటుంది. తర్వాత దప్పళం పెట్టుకోవచ్చు.

గుమ్మడి పక్కన వరికంకులు ఉండాలి. వాటిని మాత్రం కోతలప్పుడే అడిగి ఉంచుకోవాలి. గింజ బాగా ముదిరి రాలేదాకా ఆగొద్దు. కంకి ముప్పాతిక పసుపెక్కి, మొదట్లో ఇంకా పచ్చ జీర ఉన్నప్పుడే మూరెడు కాడతో కోయించండి. గుప్పెడు కంకులు తాడుతో కట్టి, గాలి తగిలే చోట వారం రోజులు తలకిందులుగా వేలాడదీస్తే కాడలు వంగకుండా ఎండుతాయి. అప్పుడు బిందెలో నిలబెట్టండి. ధనుర్మాసం పొద్దుట ఏటవాలు ఎండ హాల్లోకి వస్తుంది కదా, అది పడినప్పుడు దగ్గరికెళ్లి చూడండి. గింజ పొట్టు మీద సన్నటి నూగు ఉంటుంది, ఒక్కో గింజా విడివిడిగా మెరుస్తుంది. కంకి బరువుకి పైకొస ఒక్కటే వంగుతుంది. ఏ షాపులో కొన్న దండకీ ఆ వంపు రాదు. పురుగు రాకుండా కాడల మధ్య నాలుగు ఎండు వేపాకు రెబ్బలు దూర్చండి. ఫాల్గుణంలో తీసేసి పెరట్లో కడితే పిచుకలు తింటాయి.

ఎండాకాలం ఇంకా తేలిక, ఎందుకంటే అప్పుడు తీసెయ్యడమే పని. ఉగాదికి పువ్వుతో ఉన్న వేప రెబ్బ, పిందెలతో ఉన్న మామిడి కొమ్మ పెడతాం, మూడో రోజుకి అవి వాడిపోతాయి. ఆ తర్వాత బల్ల మీద తెల్లటి పొందూరు ఖాదీ గుడ్డ పరుస్తాను. పొందూరులో పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి శుభ్రం చేసి, చేత్తోనే వడుకుతారు. అందుకే ఆ గుడ్డ తెల్లగా ఉన్నా సున్నం కొట్టినట్టు ఉండదు, మీగడలా ఉంటుంది. ఒక వెడల్పాటి ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి సాయంత్రం గుప్పెడు మల్లెలు వదలండి, పక్కన తాటాకు విసనకర్ర. అంతే, ఇంకేం వద్దు. నీళ్లు మాత్రం రోజూ మార్చండి, దోమలు గుడ్లు పెడతాయి.

దసరాకి బొమ్మల కొలువు పెట్టేవాళ్లు బల్లనే మొదటి మెట్టు చేసుకోవచ్చు. మా విజయనగరంలో పండగ దశమితో అయిపోదు. తర్వాతి మంగళవారం పైడితల్లమ్మ జాతరలో సిరిమాను తిరగాలి, ముందురోజు తొలేళ్ల ఉత్సవం. అందుకని బంతిపూలు అప్పటిదాకా నిలవాలి. కాడ ఏటవాలుగా కోసి, నీళ్లలో మునిగే ఆకులు తీసేసి, రోజూ నీళ్లు మారిస్తే బంతి వారం రోజులు తాజాగా ఉంటుంది. కార్తీకంలో ఉసిరి కొమ్మ, మట్టి ప్రమిదలు చాలు.

మీ అమ్మాయికి రెండు మాటలు చెప్పండి. చలిమంట వెలిగించే రోజుల్లో ఎండాకులు, దండలు పలక అంచు దాటి కిందికి వేలాడకూడదు, నిప్పు అంటుకుంటుంది. ముచ్చటపడి వరికంకులు పెట్టెలో పెట్టి పంపకండి. పొట్టుతో ఉన్న వడ్లని అక్కడి కస్టమ్స్ వాళ్లు రానివ్వరు. ఏటికొప్పాక బొమ్మలు పంపండి, లేదంటే ఒక పొందూరు గుడ్డ.

ప్రశ్న: మేడమ్, శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర అద్దె ఫ్లాట్‌లో ఉంటాం. టీవీ యూనిట్ పైన ఏటికొప్పాక బొమ్మలు, ఇత్తడి దీపాలు పెట్టుకున్నాను. వర్షాకాలం రాగానే గోడ చెమర్చి యూనిట్ వెనకంతా తెల్లటి బూజు. ఇత్తడి నల్లబడింది, సొరుగు ఇరుక్కుపోయింది. ఎంత తుడిచినా మళ్లీ వస్తోంది. చూస్తేనే టెన్షన్. ఆ నాలుగు నెలలు అన్నీ లోపల పెట్టేయాలా?
— ఒక పాఠకురాలు, శ్రీకాకుళం

జవాబు: అన్నీ వద్దు, గుడ్డలు, కాగితం, గడ్డితో చేసినవి లోపల పెట్టండి. చెమ్మ పీల్చేవి అవే. అంతకంటే ముందు యూనిట్‌ని గోడకి నాలుగు వేళ్ల దూరం జరపండి. ఇది చేయకుండా ఏం తుడిచినా లాభం లేదు. వెనక గాలి ఆడకపోతే బూజు మళ్లీ పడుతుంది. వాన తెరిపి ఇచ్చిన రోజు కిటికీలు తీసి, ఫ్యాను వేసి ఒక గంట ఉంచండి. బూజుని పొడిగుడ్డతో ఇంట్లోనే దులిపితే గదంతా పరుచుకుంటుంది. ముక్కుకి గుడ్డ కట్టుకుని, వెనిగర్ కలిపిన నీళ్లలో గుడ్డ ముంచి గట్టిగా పిండి తుడవండి, వెంటనే పొడిగుడ్డతో ఆర్చండి. గోడ పైనుంచి కారుతుంటే మాత్రం అది ఇంటి ఓనరు చేయించాల్సిన పని, గట్టిగా అడగండి.

ఏటికొప్పాక బొమ్మలకి ఆ వెనిగర్ నీళ్లు తగలనివ్వకండి. అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ, లక్కలో చెట్ల రంగులు కలిపి ఆ రాపిడి వేడికే అద్దుతారు, మొగలి ఆకుతో నునుపు తెస్తారు. లక్క వేడికి మెత్తబడుతుంది, చెట్ల రంగు ఎండకి వెలుస్తుంది. అందుకే బూజు పోతుందని డాబా మీద ఎండలో పెట్టొద్దు. మెత్తటి పాత పంచె ముక్కతో పొడిగా తుడవండి, చాలు. గదిలో ఇవే రంగుగా ఉంటాయి కాబట్టి వానాకాలమంతా ఇవే బయట ఉండాలి. బయట మబ్బు పట్టి అంతా బూడిదరంగులో ఉన్నప్పుడు ఆ పసుపు, ఆ ఎరుపు ఎంత హాయిగా ఉంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇత్తడికి చారు పిండేసిన చింతపండు పిప్పి, చిటికెడు ఉప్పు. రుద్దిన రెండు నిమిషాల్లో కడిగేయండి, నానబెడితే మచ్చలు పడతాయి. తడి లేకుండా తుడవడమే ముఖ్యం. వార్నిష్ వేసి అమ్మే షో ముక్కలకి చింతపండు పెట్టొద్దు, పూత లేచిపోయి చారలు పడతాయి.

సొరుగు బలవంతంగా లాగకండి, చెక్క చెమ్మకి ఉబ్బింది. పొడి రోజు చూసి మెల్లగా తీసి, జారే అంచుల మీద కొవ్వొత్తి రుద్దండి. వినాయక చవితికి ముందు ఒకసారి రుద్దితే సీజనంతా బాగానే జారుతుంది.

ప్రశ్న: రిటైర్మెంటు రోజు స్టాఫంతా కలిసి గాజుపెట్టెలో పెట్టిన చిన్న బొబ్బిలి వీణ ఇచ్చారు. షోకేసులో బొమ్మల మధ్య పెడితే కనిపించడం లేదు. ఎక్కడ పెట్టమంటారు?
— ఒక ఉపాధ్యాయుడు, రాజాం

జవాబు: బొమ్మల మధ్య నుంచి తీసేయండి మాస్టారూ. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో పనసచెక్క చెక్కి చేసిన వస్తువది. అసలు వీణని ఒకే మానులోంచి తొలుస్తారు, అందుకే ఏకాండి వీణ అంటారు. అదే చేతులు దీన్నీ చేశాయి. కంటి ఎత్తున, ఒక పక్క నుంచి వెలుగు పడేలా, విడిగా ఒక చిన్న పలక వేయించి పెట్టండి. ఎదురు ఎండ వద్దు. కాలం మారినా దాన్ని కదపక్కర్లేదు. విజయదశమి రోజు పక్కన ఒక పువ్వు పెడితే చాలు. మీ చేతుల మీదుగా వెళ్లిన పిల్లలు ఎంతమందో, ఆ రోజు ఇల్లంతా వాళ్లే గుర్తొస్తారు.

ప్రశ్న: అమ్మా, మాది పలాస దగ్గర పల్లె. 2018లో తిత్లీ తుపానుకి మా పెంకుటిల్లు పోయింది. ఇప్పుడున్నది రెండు గదుల ఇల్లు. షోకేసు లేదు, సైడ్‌బోర్డు లేదు. గోడలో ఒక గూడు మాత్రం పెట్టించుకున్నాం. మీరు రాసేవన్నీ పెద్ద హాళ్లున్న వాళ్లకే అనిపిస్తుంది. ఆ గూటిని అందంగా ఉంచుకోవాలని నాకూ ఉంది.
— ఒక పాఠకురాలు, పలాస

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇల్లు పోయినా మళ్లీ కట్టుకున్నప్పుడు గోడలో గూడు పెట్టించుకున్నారు, అదే నాకు చాలా నచ్చింది. 2014 అక్టోబరు 12, హుద్‌హుద్ వచ్చిన ఆదివారం, మా హాలు కిటికీ రెక్క ఊడొచ్చి బల్ల మీద పడింది. గాజు వస్తువు ఒక్కటి మిగల్లేదు. మా నాన్నగారు కొనిచ్చిన నీలం గాజు కూజా కూడా పోయింది. ముక్కలు ఏరుతూ ఏడ్చాను. బిందెకి ఒక పక్క సొట్ట పడింది. ఆ సొట్ట నేను తీయించలేదు. మీరు పోగొట్టుకున్నదాని ముందు ఇదెంతని కాదు, వస్తువు పోతే ఎలా ఉంటుందో తెలిసి రాస్తున్నానని చెప్పడానికి.

గూటికి ముందు లోపల తెల్లసున్నం వేయండి. అంచు చుట్టూ రెండు వేళ్ల వెడల్పున జాజు పూసి, ఆరాక దాని మీద వరిపిండితో సన్నటి చుక్కల వరస పెట్టండి. ఇంత చేస్తే ఖాళీ గూడు కూడా నిండుగా ఉంటుంది. పండగ పండక్కీ చుక్కలు చెరిపి కొత్త ముగ్గు వేసుకోండి. పెద్ద హాళ్లున్న వాళ్లకి ఈ వీలు లేదు.

లోపల ఒకసారికి ఒక్కటే వస్తువు. మీ ఊళ్లో వేసవికి జీడిమామిడి పండుతుంది కదా. ఎర్రటి పండొకటి, పచ్చటిదొకటి, గింజతో సహా చిన్న పళ్లెంలో పెట్టండి. తెల్ల సున్నం ముందు ఆ రెండు రంగులూ దీపాల్లా ఉంటాయి. ఒక రోజుకే మెత్తబడతాయి, మర్నాడు మార్చేయండి. పిల్లలు పచ్చి గింజని నోట్లో పెట్టకుండా చూసుకోండి, జీడి అంటితే పుండు పడుతుంది. వానల్లో ఒక ఏటికొప్పాక బొమ్మ. సంక్రాంతికి నాలుగు వరికంకులు, గుమ్మడికాయ పట్టకపోతే గూటి కింద నేల మీదే పెట్టండి.

తుపాన్లొచ్చే అక్టోబరు, నవంబరుల్లో మాత్రం గాజు, మట్టి వద్దు. కుదిరితే బుడితి ఇత్తడి దీపం ఒకటి కొనుక్కోండి, చిన్నదైనా సరే. నూనె పోసి, వత్తి వేసి, పక్కన ప్లాస్టిక్ సంచీలో చుట్టిన అగ్గిపెట్టె ఉంచండి. గూట్లో దాని చోటు మార్చొద్దు. కరెంటు పోయిన రాత్రి మీ చెయ్యి చీకట్లో వెతుక్కోకుండా దాని మీదికే వెళ్లాలి.