‘వెళ్తాను’కి ఇంగ్లీషులో ఏమనాలి?

అమ్మలూ,

మొన్న ఫోన్లో ‘ఐ విల్ గో అనాలా, ఐ యామ్ గోయింగ్ అనాలా మావయ్యా’ అని అడిగావు. ఆ హడావిడిలో సరిగ్గా చెప్పలేకపోయాను. ఇంటర్వ్యూకి ఇంకా వారం ఉంది కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

చిక్కంతా మన ‘వెళ్తాను’తోనే. ‘రోజూ వాకింగ్‌కి వెళ్తాను’ అన్నా అదే మాట, ‘రేపు వెళ్తాను’ అన్నా అదే మాట. దాంతో ‘తాను’ వినపడగానే మనవాళ్లు విల్ పెట్టేస్తారు. ‘డైలీ ఐ విల్ గెట్ అప్ ఎట్ సిక్స్’ అన్న వాక్యాన్ని క్లాసులో ఎన్నిసార్లు దిద్దానో! అలవాటు చెప్పేటప్పుడు విల్ వద్దు, ‘ఐ గెట్ అప్’ చాలు.

మిగతాచోట్ల నీ తెలుగునే నమ్ముకో. బెల్ మోగితే ‘ఉండండి, నేను తీస్తాను’ అంటావు. అప్పటికప్పుడు అనుకున్నది కనుక ‘ఐల్ గెట్ ఇట్’. ‘ఈ ఏడు డ్రైవింగ్ నేర్చుకుందామనుకుంటున్నా’ అంటే ముందే మనసులో ఉన్న మాట, అక్కడ ‘ఐ యామ్ గోయింగ్ టు లెర్న్’. డెంటిస్ట్ అపాయింట్‌మెంట్ తీసుకున్నాక తెలుగులో కూడా ‘శనివారం వెళ్తున్నాను’ అనే అంటాం కదా, ఇంగ్లీషులోనూ ‘ఐ యామ్ సీయింగ్ ద డెంటిస్ట్ ఆన్ సాటర్‌డే’. మబ్బు కమ్మితే ‘వాన వచ్చేట్టుంది’ అంటాం, అది ‘ఇట్స్ గోయింగ్ టు రెయిన్’. రైళ్ల టైమ్‌టేబుల్‌కి ఇవేవీ అక్కర్లేదు: ‘ద ట్రెయిన్ లీవ్స్ ఎట్ సిక్స్ టుమారో’.

ఒక్కచోట మాత్రం జాగ్రత్త. ‘వాన పడితే’, ‘నాన్న వచ్చాక’ లాంటివి చెప్పేటప్పుడు ఇఫ్, వెన్ పక్కన విల్ పెట్టకు. రేపటి సంగతే అయినా ‘ఇఫ్ ఇట్ రెయిన్స్’, ‘వెన్ డాడ్ కమ్స్’ అనాలి.

ఇక షల్. ఐ, వి పక్కన షల్, మిగతావాటికి విల్ అని మీ తాతగారు బట్టీ పట్టారు, నేనూ పట్టాను. 1653లో జాన్ వాలిస్ అనే ఆయన లాటిన్‌లో రాసిన ఇంగ్లీషు వ్యాకరణంలోనే ఆ సూత్రం ఉంది. ఇప్పుడు మాటల్లో దాదాపు ఎవరూ దాన్ని పట్టించుకోవడం లేదు. ‘తలుపు తియ్యనా?’, ‘వెళ్దామా?’ అని అడగడానికి మాత్రం షల్ ఎంతో మర్యాదైన మాట. ‘షల్ ఐ ఓపెన్ ద డోర్?’ ‘షల్ వి గో?’ వీటిని వదులుకోకు.

చాలాచోట్ల రెండు రూపాలూ చెల్లుతాయి. కాబట్టి ఇంటర్వ్యూలో మాట మధ్యలో ఆగి విల్లా, గోయింగ్ టూనా అని టెన్షన్ పడకు. నీ ఆలోచన ఆగిపోవడం కన్నా అక్కడ చిన్న తప్పు దొర్లడమే నయం. ఎప్పుడు చేరతారని అడిగితే ‘ఐ విల్ జాయిన్ ఆన్ ద ఫస్ట్’ అను. అక్కడ నువ్వు మాట ఇస్తున్నావు, మాట ఇచ్చేటప్పుడు విల్లే సరైనది.

బయటికి రాగానే నాకు ఫోన్ చెయ్యి.

మీ మావయ్య